కళ్లారా చూసిన సాక్ష్యం ఎంత గట్టిది?

బ్రిటన్‌లో రాబ్ జెన్కిన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక తమాషా పరీక్ష పెట్టారు. దాని ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. పరీక్షకు వచ్చినవారికి తలా నలభై ఫొటోలు ఇచ్చి, ఏ మనిషి ఫొటోలు ఆ మనిషివిగా విడదీసి కుప్పలు పెట్టమన్నారు. మొత్తం ఎందరి ఫొటోలన్నది మాత్రం చెప్పలేదు. కొందరు మూడు కుప్పలు పెట్టారు, కొందరు పదిదాటి పదహారు దాకా వెళ్లారు. సగటున ఏడెనిమిది తేలాయి. నిజానికి ఆ ఫొటోలన్నీ ఇద్దరివే. నెదర్లాండ్స్‌లో అందరూ ఎరిగిన ఇద్దరు ప్రముఖులవి, చెరో ఇరవై. బ్రిటిషు వాళ్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా రెండు కుప్పలతో ఆగలేదు. అవే ఫొటోలు డచ్చి వాళ్ల చేతికిస్తే దాదాపు అందరూ తడుముకోకుండా రెండే పెట్టారు.

కళ్లు అందరివీ ఒకలాంటివే, ఫొటోలూ అవే. డచ్చి వాళ్లకు ఆ ముఖాలు ముందే తెలుసు, బ్రిటిషు వాళ్లకు తెలియవు. తేడా అంతే. తెలిసినవాడు గడ్డం పెంచినా, లావెక్కినా, పదేళ్ల తర్వాత పెళ్లిపందిట్లో ఎదురైనా ఇట్టే గుర్తుపడతాం. వీధి మలుపులో ముఖం ఆనక ముందే నడకను బట్టి ఫలానావాడని చెప్పేస్తాం. ఫోన్లో పేరు చెప్పకుండా ‘ఆఁ’ అన్నా చాలు. ఇంత బాగా గుర్తుపడుతున్నాం కదా అన్న ధీమాతో, ఒక్కసారి చూసిన కొత్తముఖాన్ని కూడా అంతే బాగా గుర్తుపడతామనుకుంటాం. పోలీస్ స్టేషన్లలో, కోర్టుల్లో, ఇప్పుడు సీసీటీవీ తెరల ముందు జరిగే ఘోరమైన పొరపాట్లు కొన్ని సరిగ్గా ఈ ధీమా నుంచే పుడుతున్నాయి. ఎరిగిన మనిషిని గుర్తించడం, ఎరగని మనిషిని గుర్తించడం మెదడుకు రెండు వేర్వేరు పనులు. మన దర్యాప్తు పద్ధతులు మాత్రం రెండింటినీ ఒకే గాటన కడుతున్నాయి.

అలవాటుతో ఈ లోపం పోతుందనుకోవడానికీ లేదు. ఆస్ట్రేలియాలో రోజంతా ముఖాలు, ఫొటోలు పోల్చి చూడటమే ఉద్యోగమైన పాస్‌పోర్టు అధికారులను 2014లో పరీక్షించారు. ఎదురుగా నిలబడ్డ మనిషిదీ చేతిలోని ఫొటోలోనిదీ ఒకే ముఖమా కాదా చెప్పాలి. వేరే మనిషి ఫొటో పెట్టినప్పుడు నూటికి పద్నాలుగు సార్లు ‘ఇతనిదే’ అని పంపించేశారు. మామూలు విద్యార్థులకంటే వాళ్లేమీ మెరుగ్గా లేరు. ఏళ్ల సర్వీసుకూ నేర్పుకూ సంబంధమే కనబడలేదు.

ముఖాల పని చూడటానికి మెదడులో కొంత చోటు ప్రత్యేకంగా ఉంది. అడుగుభాగంలో, ముఖ్యంగా కుడివైపున, ఫ్యూజీఫామ్ అనే మడతలో అది ఉందని అమెరికా శాస్త్రవేత్త నాన్సీ కాన్విషర్ బృందం 1997లో స్కానింగ్‌తో చూపింది. ఆ చోటుకు ఎంత పట్టుందో 2012లో స్టాన్‌ఫర్డ్ వైద్యులకు ఎదురుగానే కనబడింది. మూర్ఛవ్యాధి చికిత్స కోసం ఒక రోగి మెదడు మీద ఎలక్ట్రోడ్లు అమర్చి ఉన్నారు. అక్కడ కొద్దిగా కరెంటు పంపగానే, ఎదురుగా ఉన్న డాక్టరు ముఖం మరెవరిదోలా మారిపోయిందని, ముక్కు ఒక పక్కకు జారినట్టుందని ఆ రోగి ఆశ్చర్యపోతూ చెప్పాడు. కరెంటు ఆపితే మళ్లీ మామూలే. గదిలో మరే వస్తువూ చెక్కుచెదరలేదు, ముఖం ఒక్కటే కరిగిపోయింది. అంటే మనం చూస్తున్నామనుకునే ముఖం బయట ఎంత ఉందో లోపల అంత తయారవుతోందన్నమాట.

ఆ తయారీకి కొన్ని షరతులున్నాయి. ముఖాన్ని మెదడు కళ్లు, ముక్కు, నోరు అని ముక్కలుగా చూడదు, మొత్తాన్ని ఒక్క పట్టున చదువుతుంది. అదీ నిటారుగా ఉంటేనే. యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ థాంప్సన్ 1980లో మార్గరెట్ థాచర్ ఫొటోలో కళ్లనూ నోటినీ మాత్రం తిరగేసి అతికించి, ఆ ఫొటో మొత్తాన్ని తలకిందులు చేసి చూపించారు. అందరికీ మామూలు థాచరే కనిపించింది. నిటారుగా తిప్పగానే చూసినవాళ్లు ఉలిక్కిపడ్డారు, అంత వికారంగా ఉంది. ఏ పత్రికలోనైనా ఒక నాయకుడి ఫొటోను తలకిందులుగా పట్టుకుని చూడండి. ఆయన నవ్వుతున్నారో పళ్లు కొరుకుతున్నారో చెప్పడానికి కాస్త సమయం పడుతుంది.

కొందరికి ముఖాలను పోల్చుకునే శక్తి పుట్టుకతోనే సరిగా ఉండదు. న్యూయార్క్‌లో ఉండి మెదడు జబ్బుల మీద చక్కటి పుస్తకాలు రాసిన ఆలివర్ శాక్స్ వాళ్లలో ఒకరు. దగ్గరివాళ్ల ముఖాలే పోల్చుకోలేకపోయేవారు. ఒకసారి ఎదురొస్తున్న గడ్డం మనిషికి తగలబోయానని క్షమాపణ చెప్పుకుని, అది అద్దంలో తన రూపమేనని తర్వాత తెలుసుకున్నారు. చింపాంజీల మీద జీవితకాలం పరిశోధన చేసిన జేన్ గుడాల్‌కూ ఈ ఇబ్బంది ఉండేది. ఇలాంటివాళ్లు గొంతు, నడక, జుట్టు, బట్టల ఆసరాతో నెట్టుకొస్తారు. పలకరించలేదని, పొగరని చుట్టాలు నిష్ఠూరమాడేవాళ్లలో కొందరిది ఈ జబ్బే అయినా ఆశ్చర్యం లేదు.

ముఖం పోల్చుకున్నంత మాత్రాన గుర్తించడం పూర్తయిపోదు. చెన్నైలో వైద్యం చదివి అమెరికాలో స్థిరపడ్డ వి.ఎస్. రామచంద్రన్ దగ్గరికి ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన ఒక యువకుడు వచ్చాడు. తల్లిని చూసి, ‘ఈవిడ అచ్చం మా అమ్మలాగే ఉంది గానీ మా అమ్మ కాదు, ఎవరో వేషం వేసుకొచ్చింది’ అనేవాడు. అదే తల్లి ఫోన్ చేస్తే అమ్మేనని సంతోషంగా మాట్లాడేవాడు. రామచంద్రన్ వివరణ ఇది: ముఖాన్ని పోల్చే చోటు బాగానే ఉంది. అక్కడి నుంచి ఆప్యాయతను కదిలించే భాగానికి వెళ్లే దారి తెగిపోయింది. గొంతు వెళ్లే దారి వేరు, అది చెక్కుచెదరలేదు. పోలిక కుదిరింది, మనసు కదల్లేదు. అంతే, కన్నతల్లి పరాయిదైపోయింది. ఎరిగిన ముఖం వెనక ఇంత సరంజామా ఉంటుంది: వేల సార్లు చూసిన కోణాలు, గొంతు, నడక, అనుబంధం. బైక్ మీద వచ్చి మెడలో గొలుసు తెంపుకుపోయినవాడి ముఖానికి ఇవేవీ ఉండవు. రెండు మూడు సెకన్ల చూపు, దాని మీద భయం. అంతే.

కదలిక సంగతికి వద్దాం. కదులుతున్న వస్తువును చూడటం, వస్తువును చూడటం ఒకటే అనిపిస్తుంది. కాదని మ్యూనిక్‌లోని ఒక స్త్రీ కేసుతో తెలిసింది. మెదడు రెండు వైపులా దెబ్బతిన్నాక ఆమెకు రంగులు, ఆకారాలు, ముఖాలు అన్నీ మునుపటిలాగే కనబడుతున్నాయి గానీ కదలిక కనబడటం మానేసింది. కప్పులోకి టీ వంచుతుంటే ఆ ధార గడ్డకట్టినట్టు నిలిచిపోయేది. ఎప్పుడు ఆపాలో తెలియక టీ పొర్లిపోయేది. దూరంగా ఉన్న కారు మరుక్షణం మీదికొచ్చి ఉండేది. రోడ్డు దాటడానికి వాహనాల శబ్దం మీద ఆధారపడాల్సి వచ్చింది. జోసెఫ్ జీల్ బృందం 1983లో ఈ కేసును ప్రచురించాక, కదలికను చూసేందుకు మెదడులో వేరే ఏర్పాటు ఉందన్నది గట్టిపడింది.

ఆ ఏర్పాటుకు అన్నిటికంటే ప్రీతిపాత్రమైనది మనిషి కదలిక. స్వీడన్‌లో గున్నార్ యొహాన్సన్ 1973లో నల్లబట్టలు వేసుకున్న మనిషి కీళ్ల దగ్గర చిన్న చిన్న దీపాలు కట్టి, చీకట్లో నడిపించి చిత్రం తీశారు. కదలకుండా ఉన్నంతసేపూ అవి ఉత్త చుక్కలే. ఒక్క అడుగు వేయగానే అది మనిషని చూసినవాళ్లందరికీ తెలిసిపోయింది. తర్వాతి పరిశోధనల్లో ఆ చుక్కల నడకను బట్టే తమ స్నేహితులను గుర్తుపట్టినవాళ్లున్నారు. మన తోలుబొమ్మలాట కళాకారులకు ఈ రహస్యం తరతరాలుగా చేతుల్లో ఉంది. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంట బొమ్మ పలుచటి తోలు ముక్క. భుజం, మోచేయి, నడుము దగ్గర అతుకులు సరిగ్గా కదిలితే చాలు, తెర మీద హనుమంతుడు లేచి నిలబడతాడు.

మనిషి కదలికను ఇట్టే పట్టే ఈ గుణాన్ని మన రోడ్ల మీద వాడుకోవచ్చు, వాడుకోవడం లేదు. తెల్లారకముందే రోడ్లు ఊడ్చే పారిశుధ్య కార్మికులకు ఛాతీ మీద రేడియం పట్టీలున్న జాకెట్లు ఇస్తారు. డ్రైవరుకు అక్కడ ఏదో మెరుస్తున్నట్టు కనబడుతుంది, అది బోర్డో మనిషో వెంటనే తేలదు. అవే పట్టీలు చీలమండలు, మోకాళ్లు, మణికట్ల దగ్గర కూడా ఉంటే చాలా ముందుగానే మనిషని గుర్తుపడుతున్నారని ఆస్ట్రేలియా, అమెరికా పరిశోధనలు పదేపదే చెప్పాయి. శివరాత్రికి శ్రీశైలం దారిలో, ఏడాది పొడుగునా తిరుపతి దారిలో రాత్రుళ్లు నడిచిపోయే భక్తుల కాళ్లకు రెండేసి రేడియం పట్టీలు కట్టడానికి ఏ ప్రభుత్వానికీ పెద్ద ఖర్చు కాదు.

కదలికను చూడటమే కాదు, తర్వాత గుర్తు తెచ్చుకోవడం కూడా అడిగే తీరును బట్టి మారుతుంది. అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ 1974లో విద్యార్థులకు కార్లు ఢీకొన్న చిత్రాలు చూపించి, ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. కొందరిని ‘తగిలినప్పుడు’ అనే మాటతో, కొందరిని ‘గుద్దేసుకున్నప్పుడు’ అనే మాటతో అడిగారు. అందరూ చూసింది ఒకే చిత్రాలు. మెత్తటి మాట విన్నవాళ్లు గంటకు 32 మైళ్లన్నారు, మొరటు మాట విన్నవాళ్లు 41 అన్నారు. ఇలాంటిదే మరో పరీక్షలో వారం తర్వాత అద్దం పగిలిందా అని అడిగితే, పగలని అద్దాన్ని పగిలినట్టు చూశామన్నవాళ్లు కూడా మొరటు మాట విన్నవాళ్లలోనే ఎక్కువ తేలారు. ప్రమాదం జరిగిన చోట వాంగ్మూలం రాసుకునే హెడ్ కానిస్టేబుల్ నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్నకు ఎంత బలముందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

శబ్దాల దగ్గరికొస్తే తెలుగువాళ్లకు చెప్పాల్సిన పనే లేదు, డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగినవాళ్లం. హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ 1976లో ఒక విచిత్రాన్ని బయటపెట్టారు. తెర మీద మనిషి పెదవులు ‘గ’ అంటున్నాయి, స్పీకర్లోంచి ‘బ’ వస్తోంది. చూసేవాళ్లకు చాలామందికి ఈ రెండూ వినబడలేదు, ‘డ’ వినబడింది. కళ్లు మూసుకుంటే ‘బ’, తెరిస్తే ‘డ’. మోసం సంగతి తెలిసినా అలాగే వినబడుతుంది. మెదడు చెవి మాటా కంటి మాటా విని మధ్యే మార్గంగా మూడో అక్షరాన్ని పుట్టిస్తుంది. ఈ పరిశోధనకు పాతికేళ్ల ముందే, 1950లో వచ్చిన తొలి తెలుగు డబ్బింగ్ చిత్రం ‘ఆహుతి’కి మాటలు రాసిన శ్రీశ్రీకి ఈ తలనొప్పి ఎదురై ఉంటుంది. నటుడి పెదవులు మూసుకున్న చోట ప, బ, మ లాంటి అక్షరం పడకపోతే ప్రేక్షకుడికి ఏదో అతకలేదనిపిస్తుంది. డబ్బింగ్ రచయితలందరికీ ఇది తొలి పాఠం. థియేటర్లో గొంతు వచ్చేది స్పీకర్లోంచి. మనకు మాత్రం హీరో నోట్లోంచే వస్తుంది. ‘దశావతారం’ తెలుగులో కమల్ హాసన్ వేసిన పది పాత్రల్లో ఏడింటికి ఎస్పీ బాలసుబ్రహ్మణ్యమే గొంతిచ్చారు, వాటిలో ఆడపాత్ర కూడా ఉంది. కథలో పడ్డ ప్రేక్షకుడికి ఏడు గొంతులూ ఏడుగురివే.

వరంగల్ మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ 1971లో ఐక్యరాజ్య సమితి దాకా వెళ్లి ప్రదర్శన ఇచ్చి వచ్చారు. మిమిక్రీ చేసేవాళ్లు ఒకరి గొంతును పూర్తిగా నకలు చేయరు, చేయలేరు కూడా. విరుపు, సాగదీత, శ్వాస తీసుకునే చోటు లాంటి నాలుగైదు గుర్తులు పట్టుకుంటారు. మిగతాది వినేవాడి మెదడే నింపుకుంటుంది. అలా నింపుకోవడం మెదడుకు నిత్యకృత్యం. పాత టెలిఫోన్ లైన్లు 300 హెర్ట్జ్‌కు దిగువ ధ్వనులను దాదాపు మోసుకురావు. మగవారి గొంతు ఆధార శ్రుతి మామూలుగా 100, 120 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే అలాంటి ఫోన్లో నాన్న గొంతులోని అడుగు పొర మన చెవికి రానే రాదు. అయినా ఆ గంభీరత మనకు వినబడుతుంది, పై పొరలను బట్టి మెదడు లెక్కగట్టి కలుపుతుంది కాబట్టి. రిచర్డ్ వారెన్ 1970లో ఒక వాక్యంలో ఒక అక్షరాన్ని చెరిపేసి అక్కడ దగ్గు పెట్టారు. విన్నవాళ్లు పూర్తి మాట విన్నామనే చెప్పారు. దగ్గు సరిగ్గా ఎక్కడ వచ్చిందో కూడా చెప్పలేకపోయారు.

కొడుకు గొంతుతో ‘అమ్మా, పోలీసులు పట్టుకున్నారు, డబ్బు పంపు’ అని వచ్చే దొంగఫోన్లు సరిగ్గా ఈ గుణం మీదే బతుకుతున్నాయి. సోషల్ మీడియాలోని చిన్న వీడియో నుంచి గొంతును అచ్చు దించే కృత్రిమ మేధ పరికరాలు వచ్చేశాయి. అవతల ఏడుపు, గందరగోళం, లైన్ సరిగా లేకపోవడం ఇవన్నీ మోసగాడికి అనుకూలం. కొరవడిన దాన్ని తల్లి మెదడే తెచ్చి అతికిస్తుంది. డబ్బు పోగొట్టుకున్నవాళ్లను తెలివితక్కువవాళ్లని తిట్టడం అన్యాయం. ఫోన్ పెట్టేసి కొడుకు నంబరుకు తిరిగి చేయడం, మోసమని తేలితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పడం తప్ప చెవిని నమ్ముకుంటే లాభం లేదు. ఎరిగిన గొంతు విషయంలోనే ఇంత గండముంటే, ఎరగని గొంతు మాటేమిటి? అమెరికాలో 1932లో విమానవీరుడు చార్లెస్ లిండ్‌బర్గ్ బిడ్డను ఎత్తుకెళ్లినప్పుడు, డబ్బు అందుకోవడానికి వచ్చినవాడు చీకట్లో దూరం నుంచి అరిచిన రెండు ముక్కలు ఆయన విన్నారు. రెండున్నరేళ్లు దాటాక కోర్టులో, ఆ గొంతు నిందితుడు బ్రూనో హాప్ట్‌మన్‌దేనని చెప్పారు. అతనికి మరణశిక్ష పడటానికి వేరే సాక్ష్యాలూ ఉన్నాయి. కానీ ఈ ఒక్క అంశం ఫ్రాన్సిస్ మెక్‌గీ అనే పరిశోధకురాలిని ఆలోచింపజేసింది. ఆమె 1937లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, కొత్త గొంతును మర్నాడు నూటికి 83 మంది గుర్తుపట్టారు. ఐదు నెలలకు ఆ సంఖ్య 13కి పడిపోయింది.

ఎరగనిదాని దగ్గర మెదడు ఎందుకింత తడబడుతుందన్నదానికి జవాబు ఉయ్యాలలోనే ఉంది. ఆరు నెలల పసివాళ్లకు ఒక కోతి ముఖానికీ ఇంకో కోతి ముఖానికీ తేడా తెలుస్తుందని, తొమ్మిది నెలలకు ఆ నేర్పు పోతుందని ఒలివియే పాస్కలిస్ బృందం 2002లో చూపింది. రోజూ చూసేవి మనిషి ముఖాలు కాబట్టి మెదడు వాటికే పదును పెట్టుకుని మిగతావి వదిలేస్తుంది. శబ్దాల్లోనూ అంతే. కెనడాలో జానెట్ వెర్కర్ 1984లో హిందీలోని ట, త శబ్దాలను ఇంగ్లిష్ ఇళ్ల పసివాళ్లకు వినిపించారు. ఆరేడు నెలల వయసులో తేడా పట్టారు, ఏడాది నిండేసరికి పట్టలేకపోయారు. డాలస్‌లో, న్యూజెర్సీలో పెరిగే మన పిల్లలకు ట, త దగ్గర, ళ దగ్గర ఎందుకు నాలుక తిరగదో అమ్మమ్మలకు ఇప్పుడు కారణం దొరికినట్టే. టీవీ పెట్టేస్తే సరిపోతుందనుకునేవాళ్లకు మరో ముక్క. ప్యాట్రీషియా కూల్ 2003లో తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా భాష వినిపించినప్పుడు, ఎదురుగా కూర్చుని ఆడించిన మనిషి దగ్గర నేర్చుకున్నారు, అదే మనిషిని వీడియోలో చూపిస్తే నేర్చుకోలేదు.

ఇదే పదును పెద్దయ్యాక వేరే రూపంలో బయటపడుతుంది. తమకు అలవాటైన జాతి ముఖాలను మనుషులు బాగా గుర్తుపడతారు, ఇతర జాతుల ముఖాల దగ్గర తప్పు చేస్తారు. అమెరికాలో 1969 నుంచి జరిగిన ఎన్నో పరీక్షల్లో ఇది తేలింది. హైదరాబాద్ బ్యూటీ పార్లర్లలో, హోటళ్లలో పనిచేసే ఈశాన్య రాష్ట్రాల యువతను చూసి ‘వాళ్లంతా ఒకేలా ఉంటారు’ అనేవాళ్లు తమ మెదడు పరిమితిని ఎదుటివాళ్ల ముఖాలకు అంటగడుతున్నారు. మణిపూర్ నుంచి వచ్చిన అమ్మాయికి మనమంతా మొదట్లో అలాగే కనబడతాం. మాటగా అన్నంతవరకు అది మర్యాద తక్కువ. సాక్షిగా నిలబడి ఆ యువకుల్లో ఒకరిని వేలెత్తి చూపితే పోయేది ఒక జీవితం.

అమెరికాలోని నార్త్ కరోలినాలో 1984లో ఒక కాలేజీ విద్యార్థిని మీద అత్యాచారం జరిగింది. ఆ ఘోరం జరుగుతున్నంతసేపూ ఆమె, బతికి బయటపడితే వీణ్ణి గుర్తుపట్టాలని ముఖాన్ని పనిగట్టుకుని పరిశీలించింది. పోలీసులు చూపిన ఫొటోల్లోంచి కొన్ని నిమిషాలు ఆలోచించి రొనాల్డ్ కాటన్ ఫొటోను తీసింది. తర్వాత వరసలో నిలబెట్టినవాళ్లలోనూ అతన్నే చూపింది. సరిగ్గానే చెప్పావని పోలీసుల నుంచి భరోసా అందింది. మొదట తటపటాయింపుగా ఉన్నది కోర్టుకు వచ్చేసరికి అచంచల విశ్వాసమైంది. కొన్నేళ్లకు అసలు దోషిని కోర్టులో ఎదురుగా తెచ్చి నిలబెడితే, ఇతన్ని ఎప్పుడూ చూడలేదంది. అబద్ధమాడలేదు, అప్పటికి ఆమె జ్ఞాపకంలో ఆ రాత్రి ముఖం స్థానంలో కాటన్ ముఖం స్థిరపడిపోయింది. 1995లో డీఎన్‌ఏ పరీక్షతో కాటన్ నిర్దోషిగా బయటికొచ్చేసరికి పదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. డీఎన్‌ఏ వల్ల అమెరికాలో నిర్దోషులుగా తేలిన కొన్ని వందల మందిలో, దాదాపు నూటికి డెబ్బై మంది కేసుల్లో ప్రత్యక్ష సాక్షులు తప్పుగా గుర్తించడం ఒక కారణం.

మన చట్టానికి ఈ ప్రమాదం బొత్తిగా తెలియదని అనలేం. నిందితుణ్ణి వేరేవాళ్లతో కలిపి వరసలో నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనే ఐడెంటిఫికేషన్ పరేడ్ దానంతటదే నేరాన్ని రుజువు చేసే సాక్ష్యం కాదని, కోర్టులో చెప్పేదానికి ఊతం మాత్రమేనని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. పరేడ్‌కు ముందే నిందితుణ్ణో అతని ఫొటోనో సాక్షికి చూపిస్తే దాని విలువ పోతుందనీ చెప్పింది. మన పోలీసులు ప్రెస్‌మీట్లలో నిందితులకు నల్ల ముసుగులు వేసి నిలబెట్టేది అందుకే. ఆచరణలో ఆ ముసుగు ఏమంత పనిచేయడం లేదు. పట్టుకున్న గంటలో ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, సాయంత్రానికి యూట్యూబ్ చానల్లో సీసీటీవీ క్లిప్పు పక్కన పెట్టి గుండ్రాలు చుట్టి చూపిస్తారు. వారాల తర్వాత జైల్లో పరేడ్ జరిగేనాటికి సాక్షి గుర్తుపట్టేది రోడ్డు మీద చూసిన ముఖాన్నా, ఫోన్లో చూసిన ముఖాన్నా? తేల్చడం సాక్షికే సాధ్యం కాదు.

మెదక్‌లో 2023లో జరిగింది మరీ దారుణం. గొలుసు దొంగతనం కేసులో, సీసీటీవీలో కనిపించిన మనిషి పోలికలున్నాయన్న అనుమానంతో ఒక దినకూలీని పట్టుకున్నారు. తర్వాత వదిలేశారు. కస్టడీలో తనను హింసించారని చెప్పిన అతను ఫిబ్రవరిలో ఆసుపత్రిలో చనిపోయాడు. కొందరు పోలీసులు సస్పెండయ్యారు, తెలంగాణ హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. లాఠీ ఎవరి చేతిదన్నది కోర్టులు తేలుస్తాయి. అంతకు ముందు మెట్టు మాత్రం మసక వీడియోలోని ఎరగని ముఖాన్ని చూసి ‘వీడే’ అనుకోవడం.

యంత్రాలు వస్తే ఈ బాధ తప్పుతుందంటారు. తెలంగాణ పోలీసులు 2018 నుంచి ముఖాలను పోల్చే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. దారినపోయేవాళ్లను ఆపి మాస్కు తీయించి ఫొటోలు తీయడంపై ఒక సామాజిక కార్యకర్త వేసిన వ్యాజ్యంలో 2022లో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. అక్కడ వాదన వ్యక్తిగత గోప్యత గురించి. గుర్తింపు గురించి ఆలోచించినా అంతే భయం కలుగుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ పని లక్షల ఫొటోల్లోంచి అన్నిటికంటే బాగా పోలిన ముఖాన్ని వెతికి తేవడం. అసలువాడు ఆ లక్షల్లో లేకపోతే, ఉన్నవాళ్లలో అతన్ని అందరికంటే ఎక్కువగా పోలిన అమాయకుణ్ణి తెస్తుంది. ఆ ఫొటోను సాక్షికి చూపిస్తే సాక్షీ అవునంటాడు. అమెరికాలోని డెట్రాయిట్‌లో 2020లో రాబర్ట్ విలియమ్స్ అనే వ్యక్తిని ఒక దుకాణంలో జరిగిన దొంగతనం కేసులో అలాగే అరెస్టు చేశారు. యంత్రం అతన్ని సూచించింది. దుకాణం భద్రతా ఉద్యోగినికి ఆరు ఫొటోలు చూపిస్తే అతన్నే చూపింది. దొంగను ఆమె చూసింది వీడియోలోనే. ఒక బలహీనమైన ఆధారానికి తోడు మరొకటి చేరినంత మాత్రాన కేసు గట్టిపడలేదు. అతను వేసిన దావాలో 2024లో కుదిరిన రాజీ ప్రకారం, యంత్రం చూపిన పోలికను మాత్రమే పట్టుకుని అక్కడి పోలీసులు ఎవరినీ అరెస్టు చేయకూడదు, ఆ ఒక్క ఆధారంతో సాక్షికి ఫొటోల వరస కూడా చూపకూడదు.

తెలుగు రాష్ట్రాల పోలీసులు, కోర్టులు ఇప్పటికిప్పుడు చేయగలిగినవి ఉన్నాయి. పరేడ్ నిర్వహణలో సాక్షితో ఉండే ఏ ఒక్కరికీ నిందితుడెవరో తెలియకూడదు. తెలిస్తే కనుబొమ్మ కదిలినా సాక్షికి సంకేతం అందుతుంది. నేరం చేసినవాడు ఈ వరసలో లేకపోవచ్చని సాక్షికి ముందే చెప్పాలి. వేలెత్తి చూపిన క్షణంలో ఎంత నమ్మకంతో చెప్పారో సాక్షి మాటల్లోనే, వీడియోలో నమోదు చేయాలి. నెలల తర్వాత బోనులో కనబడే ధీమాకంటే ఆ మొదటి తటపటాయింపుకే విలువెక్కువ. బ్రిటన్‌లో టర్న్‌బుల్ కేసు నాటి నుంచి, అంటే 1970ల నుంచి, నిజాయితీగా, నమ్మకంగా చెప్పే సాక్షి కూడా పొరబడవచ్చని జడ్జీలు జ్యూరీలను హెచ్చరిస్తున్నారు. అమెరికాలో న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2011లో మెదడు పరిశోధనలన్నీ పరిశీలించి, జ్ఞాపకం వీడియో రికార్డింగ్ లాంటిది కాదని జ్యూరీలకు చెప్పి తీరాలంది. మనకు జ్యూరీలు లేవు, కాబట్టి ఆ హెచ్చరికను జడ్జీలు తమకు తామే చెప్పుకోవాలి. జ్యుడీషియల్ అకాడమీల్లో, పోలీసు శిక్షణ కళాశాలల్లో జెన్కిన్స్ నలభై ఫొటోల పరీక్షను ప్రతి బ్యాచ్‌తోనూ చేయిస్తే ఒక్క పూటలో ఒంటబడుతుంది.

ఇలాగైతే సాక్షులను నమ్మేదెలా, దొంగలంతా తప్పించుకుంటారని అభ్యంతరం వస్తుంది. మన ఊళ్లలో హత్యలు, దాడుల కేసుల్లో చాలావాటిలో నిందితుడు సాక్షికి ముందే తెలిసిన మనిషి. పక్కింటివాడు, దాయాది, పాత పగవాడు. వాళ్లను చూశామని చెప్పే సాక్ష్యంలో అబద్ధం ఉందేమో వెతకాలి గానీ, పోల్చుకోవడంలో పొరపాటు అరుదు. వెలుతురు, దూరం చూసుకుంటే చాలు. జాగ్రత్త పడాల్సింది ఎరగనివాణ్ణి ఒక్కసారి చూసి చెప్పే కేసుల్లో. అక్కడ తప్పు మనిషిని పట్టుకుంటే కేసు మూతపడుతుంది, వెతుకులాట ఆగిపోతుంది. నార్త్ కరోలినాలో రొనాల్డ్ కాటన్‌ను జైల్లో పెట్టాక కూడా అసలు నేరస్థుడు కొన్నాళ్లు బయటే తిరిగాడు, పట్టుబడేలోపు మరికొందరు స్త్రీల మీద అత్యాచారాలు చేశాడు.